రెండు చుక్కల నడుమ

మా ఇంట్లో ఇద్దరు వియ్యపురాళ్ళు ఉంటారు. ఒకరు మా అత్తయ్య, ఇంకొకరు మా అమ్మ. అత్తగారు ఉంటే దాన్ని అత్తిల్లు అంటారు, తల్లి ఉంటే పుట్టిల్లు అంటారు. ఇద్దరూ ఉన్న ఇంటిని ఏమనాలో నేను చదివిన డిగ్రీలో ఎక్కడా చెప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు "వదినగారూ" అనే పిలుచుకుంటారు. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చెప్పరు.

అత్తయ్య పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా రిటైరయ్యారు. అంటే జీతం ఆగింది గానీ రౌండ్లు ఆగలేదు. పొద్దున్నే గదులన్నీ తిరిగి, దుప్పట్ల అంచులు సరిగ్గా లాగి ఉన్నాయో లేదో చూసి, వంటింటి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి ఏమీ అనకుండా వెళ్ళిపోతారు. ఆ ఏమీ అనకపోవడానికి నేను ఇప్పటికీ భయపడతాను. ఆదివారాలు వీధిలో వాళ్ళందరికీ బీపీ చూస్తారు. చూశాక తిడతారు. తిట్టకపోతే సరిగ్గా చూడలేదేమోనని వాళ్ళే మళ్ళీ వస్తారు.

అమ్మ దర్జీ. నాన్న పోయాక కొట్టు అమ్మేసి, కుట్టుమిషను ఒక్కటి వెంట తెచ్చుకుని మా దగ్గరికి వచ్చింది. మిషను వెనక వరండాలో, అత్తయ్య కుర్చీ ముందుగదిలో. మధ్యలో వంటిల్లు, అందులో నేను. పటం గీసినా ఇంతకంటే స్పష్టంగా ఉండదు.

అత్తయ్యకు గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోయే జబ్బు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపును అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి కొరుక్కుంటూ వస్తుంది. కుడికన్ను సంగతి బయటపడేసరికే అయిపోయింది. ఆ కంటితో చూస్తే ఎదుటి మనిషి ముక్కు కనిపిస్తుంది, చెవులు కనిపించవు. మిగిలింది ఎడమకన్ను. "పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి" అని కంటి డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నిలబెట్టుకోవడమంటే చుక్కలమందు, ప్రతిరోజూ, బతికున్నంత కాలం.

మొదట్లో మందు రెండు సీసాల్లో ఉండేది. సాయంత్రం రెండూ పడాలి, కానీ ఒకదాని వెంట ఒకటి వేస్తే రెండో చుక్క మొదటిదాన్ని కడిగేస్తుంది. అందుకని మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. అత్తయ్య చేయి అప్పటికే వణుకుతోంది. వార్డుల్లో ఎంతమంది కళ్ళలో మందు వేసిందో లెక్కలేని చేయి, తన కంటి దగ్గరికి వచ్చేసరికి దారి తప్పేది. నాకు చూస్తే భయం, కన్ను పొడిచేస్తానేమోనని. మా ఆయనకు ఇంకా భయం, తల్లి తిడుతుందని. చివరికి అమ్మ లేచింది. సూదిలోకి దారం ఎక్కించే చేయి అది, వణకదు. ఎడమచేత్తో కిందిరెప్ప లాగి, కుడిచేత్తో సీసా వంచి, చుక్క పడగానే మడతపెట్టిన మెత్తని గుడ్డతో చెంప అద్దేది. తర్వాత అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని, ఐదు నిమిషాలు ఊరికే పోనివ్వడం ఇష్టంలేక, మా ఆయన చొక్కాకు బొత్తం కుట్టేది.

ఆ ఐదు నిమిషాలే మా ఇంటి వార్తలు.

"మీ అబ్బాయి బొత్తాలు ఊరికే ఎందుకు ఊడతాయో తెలుసా వదినగారూ? దారం తప్పు కాదు. పొట్ట."

"నా దగ్గరున్నప్పుడు సన్నగా ఉండేవాడు వదినగారూ. తర్వాత ఎవరి వంట తిన్నాడో మీకే తెలియాలి."

"కదలకండి. మాట్లాడితే మందు కారిపోతుంది."

"మాట్లాడేది నోటితో. నర్సుకి చెప్తున్నారా మీరు?"

"నర్సుకి కాదు. పేషెంటుకి."

వంటింట్లో నేను గరిటె ఆపేసి వినేదాన్ని. వాళ్ళకు ఒకరంటే ఒకరికి ఇష్టమని నేను ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఒక్క సాయంత్రమూ ఆ మందు తప్పలేదు. అమ్మకు జ్వరం వచ్చినప్పుడు కూడా మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి వేసి వెళ్ళింది. "మానేస్తే నా మీద పడుతుంది" అంది. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ ఒత్తిడి అదుపులోనే ఉండేది. అత్తయ్య కనురెప్పల వెంట్రుకలు మాత్రం పొడుగ్గా, నల్లగా పెరిగాయి. ఆ మందు తగిలినచోట అలా పెరగడం మామూలేనని డాక్టరమ్మ చెప్పింది. "ఈ వయసులో వదినగారికి కాటుక ఖర్చు తప్పింది" అని అమ్మ సంతోషించింది.

రెండు మందులూ కలిసిన ఒకే సీసా ఉందని, రోజుకు ఒక్క చుక్క చాలని డాక్టరమ్మ చెప్పింది కిందటేడు. ధర ఎక్కువ. మా ఆయన ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు ఎందుకు ఇవ్వకూడదో రాసే ఉద్యోగం చేస్తారు. ఖర్చు పెరిగే ఏ విషయమైనా ఆయన ముందు ఒకసారి కాదంటారు, అలవాటు. ఈసారి కాదనలేదు.

"రెండు సీసాల కంటే ఇదే ఎక్కువవుతుంది, నిజమే" అన్నారు భోజనాల దగ్గర. "కానీ రెండేసి సీసాలు వాడేవాళ్ళలో చాలామంది ఏడాది తిరక్కుండా మానేస్తారట. ఒక్క సీసా అయితే విసుగులేకుండా ఎక్కువకాలం వాడతారట. మానేసిన మందు ఎంత చౌకైతే ఏం లాభం?"

ఆయన నోట తెలివైన మాట వచ్చిన సందర్భాలు నాకు గుర్తుంటాయి. ఇది వాటిలో ఒకటి.

"మనింట్లో ఎవరూ మానలేదు కదా" అన్నాను.

"మానేదాకా ఆగుతామా?" అన్నారు అత్తయ్య. "ఒక్క చుక్క. దానికోసం ఒక మనిషిని పీట వేసి కూర్చోబెట్టుకోవక్కర్లేదు. నేనే వేసుకుంటాను."

వెనక వరండాలో మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

మరుసటి సాయంత్రం అలవాటు కొద్దీ అమ్మ గుడ్డ మడతపెట్టుకుని ముందుగదికి వచ్చింది. అత్తయ్య అప్పటికే తల వెనక్కి వాల్చి ఉన్నారు.

"అయిపోయింది వదినగారూ. మీ పని చూసుకోండి."

"నాకు పనికేం కొదవ లేదు లెండి" అని అమ్మ తిరిగి వెళ్ళిపోయింది. గుడ్డ మాత్రం ఉతికి, ఆరేసి, మళ్ళీ మడతపెట్టి మిషను సొరుగులో పెట్టుకుంది.

ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంది. ప్రశాంతత ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. అత్తయ్య ముందుగదిలో రేడియో వింటారు, అమ్మ వెనక మిషను తొక్కుతుంది, నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ టీ ఇస్తాను. మా ఆయన బొత్తాలు ఊడినవి ఊడినట్టే ఉన్నాయి.

మందు సీసా మొదటి నెలే మూడోవారంలో అయిపోయింది. మా ఆయన ముఖం చూడాలి. "ధర ఎక్కువని తెలుసు. ఇలా ఆవిరైపోతుందని తెలీదు" అన్నారు.

"కంపెనీవాళ్ళు తక్కువ పోస్తున్నారు" అన్నారు అత్తయ్య. "నా వార్డులో అయితే వాణ్ణి పిలిచి నిలబెట్టేదాన్ని."

రెండు నెలలు అలాగే ముందుగా అయిపోయింది. తర్వాత ఎవరు ఎవర్ని నిలబెట్టారో తెలియదు గానీ సీసా నెలంతా రావడం మొదలైంది. పైగా కొంచెం మిగులుతోంది కూడా. మా ఆయన సంతోషించారు. ఇల్లు నడిపేదాన్ని, నాకు తెలిసి ఉండాల్సింది. సబ్బు అరగడం లేదంటే పిల్లలు స్నానం చేయడం లేదని అర్థం. డబ్బాలో సరుకు ఉన్నట్టుండి ఎక్కువరోజులు వస్తే ఎవరో సరిగ్గా తినడం లేదని అర్థం. ఆ తెలివి నేను వంటింటి గడప దాటించలేదు.

ఒకరోజు అమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మీ అత్తగారి చెంప చూశావా?"

"ఏమైంది?"

"నూగు. ఎడమకంటి కింద, బుగ్గ ఎముక మీద. కిటికీ దగ్గర కూర్చుంటే మెరుస్తోంది."

"పెద్దవయసులో వస్తుందిలేమ్మా."

"వయసుకి వచ్చేది గడ్డం కింద వస్తుంది. నాకు రాలేదా? బుగ్గ మీద ఎవరికొచ్చింది? ఇంకో రెండు నెలలాగితే నా కత్తెరకు పని." కాస్త ఆగి అంది, "రెప్పలు మాత్రం మళ్ళీ మామూలైపోయాయి. పాపం, అవి బాగుండేవి."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. పొయ్యి మీద పాలు చూస్తూ, "నీ తమ్ముడు రమ్మంటున్నాడు. వెళ్ళొస్తానే" అంది.

"వాడు రెండేళ్ళ నుంచీ రమ్మంటున్నాడు."

"ఇన్నాళ్ళూ వీలుపడలేదు కదా" అంది అమ్మ. ఇప్పుడు ఎందుకు వీలుపడిందో చెప్పలేదు. ఆ ఆదివారానికి రైలు టికెట్టు తీయించుకుంది.

శుక్రవారం నేను అత్తయ్యను పరీక్షకు తీసుకెళ్ళాను. కంటి ఆసుపత్రిలో గోడల రంగు, కుర్చీల వరస, నీళ్ళ కూజా అన్నీ అత్తయ్య పరీక్షగా చూస్తారు, తనిఖీకి వచ్చినట్టు. ముందు చీకటిగదిలో, చూపు ఎంత మేర ఉందో చూసే ఫీల్డ్ టెస్ట్. గిన్నెలాంటి తెరలోకి చూస్తూ ఎక్కడ చిన్న వెలుగు కనిపించినా బటన్ నొక్కాలి. బయట కూర్చున్న నాకు ఆ బటన్ చప్పుడు వినిపించేది ప్రతిసారీ. ఈసారి చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. ఒకచోట అయితే పరీక్ష అయిపోయిందేమోనని లేచి నిలబడ్డాను. అప్పుడు మళ్ళీ ఒకసారి నొక్కారు.

డాక్టరమ్మ గడ్డం ఆనించే యంత్రం ముందు కూర్చోబెట్టి నీలిరంగు వెలుతురు వేసి ఒత్తిడి చూసింది. మళ్ళీ చూసింది. కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది.

"ఒత్తిడి బాగా పెరిగిందమ్మా. ఎడమకంట్లో కూడా అంచు తగ్గింది. ఇటు, చెవివైపు." కాగితాల మీంచి తలెత్తి అడిగింది, "మందు రోజూ వేసుకుంటున్నారా?"

"నేను మేట్రన్‌గా చేశానమ్మా" అన్నారు అత్తయ్య.

"తెలుసమ్మా. వేసుకుంటున్నారా అని."

"వేసుకుంటున్నాను."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "అయితే ఈ మందు మీకు పనిచేయడం మానేసిందన్నమాట. ఆపరేషన్ తప్పేట్టు లేదు. ఒంటికన్నుతో నెట్టుకొస్తున్నారు కాబట్టి నాకూ భయమే, ఏ ఆపరేషన్‌కైనా దాని ప్రమాదం దానికి ఉంటుంది. కానీ ఇలా వదిలేస్తే ఆ కన్నూ దక్కదు. వచ్చేవారం పెట్టుకుందాం."

ఎందరికో ధైర్యం చెప్పి థియేటర్ లోపలికి పంపిన మనిషి, కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నారు. యంత్రం దీపం ఇంకా ఆర్పలేదు. ఆ వెలుతురు పక్కనుంచి అత్తయ్య చెంప మీద పడుతోంది. కంటి కింద, బుగ్గ ఎముక మీద, సన్నని వెంట్రుకలు వరసగా మెరుస్తున్నాయి, చుక్క జారిన దారి ఎంత ఉందో అంత మేర. పైన రెప్పల వెంట్రుకలు పొట్టిగా, తెల్లగా, ఎప్పటివో అప్పటిలా ఉన్నాయి.

నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేయాలో వెంటనే తెలియలేదు. నోరు విప్పితే ఒక మేట్రన్ పరువు ఆ గదిలోనే పోతుంది. విప్పకపోతే అవసరం లేని కత్తి ఆ ఒక్క కంటి మీదికి వస్తుంది.

మా ఇంట్లో నిజాలన్నీ ప్రశ్నల రూపంలోనే తిరుగుతాయి. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

"డాక్టరుగారూ, ఏమీ తెలియక అడుగుతున్నాను. ఈ మందు తగిలినచోట వెంట్రుకలు పెరుగుతాయన్నారు కదా. పొరపాటున బుగ్గకు తగిలితే బుగ్గ మీద కూడా పెరుగుతాయా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. తర్వాత దీపం జరిపి అత్తయ్య చెంప వైపు చూసింది. తర్వాత రెప్పల వైపు. డాక్టరమ్మ కంటే ముందే అత్తయ్యకు అర్థమైంది. చేయి మెల్లగా పైకి వెళ్ళి చెంపను తడిమింది.

"చల్లగా తగిలేది" అన్నారు అత్తయ్య, ఎవరికీ కాదన్నట్టు. "సీసా ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. చల్లగా తగిలితే పడిందనే అనుకునేదాన్ని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తప్పుపట్టలేదు. "ఆరువారాలు చూద్దాం" అంది. "రోజూ కంట్లో పడాలి. పడ్డాక కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన మూల దగ్గర వేలితో అదిమిపట్టి కాసేపు ఉండాలి. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషనే. కానీ మీరు వేసుకోకూడదు, వేరేవాళ్ళు వేయాలి. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

నేను గోడ మీది పటం చూస్తూ కూర్చున్నాను. కంటి లోపలి భాగాలన్నీ రంగులతో ఉన్నాయి. చాలా బాగుంది.

"ఉన్నారు" అన్నారు అత్తయ్య.

బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాక అత్తయ్య అన్నారు.

"ఆ ప్రశ్న ఇంట్లో అడగొచ్చు కదా."

"అడిగితే చెప్పేవారా అత్తయ్యా?"

"చెప్పేదాన్ని కాదు." రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని వాటినే చూసుకున్నారు. "ఒకసారి పడలేదనిపిస్తే ఇంకోసారి వేసేదాన్ని. అలా వేసేసరికి సీసా ముందే అయిపోయేది. వాడు ధర గురించి అన్నాడు. అందుకని రోజు మార్చి రోజు వేసుకున్నాను, నెలకు సరిపోవాలని." ఆగి, "ఇలా చేసే ముసలివాళ్ళని ఎంతమందిని తిట్టానో వార్డులో" అన్నారు.

తిరిగి వచ్చేదారిలో అత్తయ్యకు వీధివైపు నేను నడిచాను. ఎడమపక్క నుంచి వచ్చే సైకిలును ఆవిడ చూడలేదని ఆరోజే గమనించాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వెనక వరండాలో మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది. అత్తయ్య కాళ్ళు కడుక్కుని, తిన్నగా వరండా దాకా వెళ్ళారు. ఆవిడ ఆ వైపు రౌండ్లకు తప్ప వెళ్ళగా నేను చూడలేదు.

"వదినగారూ, ప్రయాణం ఎప్పుడు?"

"ఎల్లుండి."

"డాక్టరు ఆరువారాలంది."

"ఏది?"

"చుక్క."

అమ్మ మడతపెడుతున్న దుప్పటి చివరలు కలిపింది. నా వైపు చూసింది. నేను గోడకు ఆనుకుని చేతిలో లేని పని వెతుక్కుంటున్నాను.

"నాకు పడడం లేదు వదినగారూ" అన్నారు అత్తయ్య. ఆ గొంతు నేను ఎరగను. "పడుతోందనుకున్నాను. పడడం లేదు. ఈ కన్ను కూడా కొంచెం పోయింది."

అమ్మ మాత్రం మామూలు గొంతుతోనే అంది.

"పడడం లేదని మీ బుగ్గ ఎప్పుడో చెప్పింది. మీరే నోరు విప్పలేదు." పెట్టె మూత వేసి, మిషను సొరుగు లాగి, గుడ్డ తీసింది. "పదండి. వెలుతురుండగానే కూర్చుందాం."

ముందుగదిలో కుర్చీ కిటికీ వైపు తిప్పారు. అమ్మ ఎడమచేత్తో కిందిరెప్ప లాగింది. చుక్క పడింది. గుడ్డ చెంపను అద్దింది. అత్తయ్య కళ్ళు మూసుకుని ముక్కు మూల దగ్గర వేలు పెట్టుకున్నారు. అమ్మ లేవలేదు. ముక్కాలిపీట లాక్కుని, మా ఆయన చొక్కా ఒళ్ళో వేసుకుంది.

"ఇప్పుడు ఒకటేగా వదినగారూ. అయిపోయింది" అన్నారు అత్తయ్య.

"కదలకండి. బొత్తం సగంలో ఉంది."

తర్వాత అత్తయ్య, కళ్ళు తెరవకుండానే, "ఎన్నో బొత్తం?" అన్నారు.

"కిందినుంచి మూడోది. పొట్ట దగ్గరిది."

"మీ అమ్మాయి వంట."

నేను వెళ్ళి టికెట్టు రద్దు చేయించమని మా ఆయనకు చెప్పాను. రద్దు చేస్తే కొంత పోతుందన్నారు. పోనివ్వండన్నాను. తల్లి ముఖం చూసి ఆయన ఫోను తీశారు.

ఆరువారాల తర్వాత ఒత్తిడి తగ్గింది. ఆపరేషన్ మాట డాక్టరమ్మ ఇప్పటికి పక్కన పెట్టింది. సీసా సరిగ్గా నెల వస్తోంది. ఒక్క సీసా అయితేనే మనుషులు మానకుండా వాడతారని తాను ముందే చెప్పానని మా ఆయన అందరికీ చెప్తున్నారు. రెండు సీసాలా ఒక్కటా, ఏది లాభమని నన్నెవరూ అడగలేదు. అడిగితే, వేసే చేయి ఏది అని నేను ఎదురు అడిగేదాన్ని.

చెంప మీది నూగు రాలిపోయింది. రెప్పలు మళ్ళీ పెరుగుతున్నాయి. పోయిన అంచు మాత్రం రాలేదు. రాదు. ఎడమపక్క నుంచి ఏం వచ్చినా అత్తయ్యకు దగ్గరకొచ్చేదాకా కనిపించదు. మొదటి వారంలో ఒకరోజు అమ్మ చేయి అటునుంచి రెప్ప మీదికి వచ్చేసరికి అత్తయ్య ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. చుక్క మెడ మీద పడింది. అమ్మ గుడ్డతో తుడిచి ఇంకో చుక్క వేసింది.

మరుసటి రోజు నుంచి అమ్మ చేయి చాపే ముందు ఆగి, ఒక మాట అంటోంది.

"వస్తున్నా వదినగారూ."

"రండి" అంటారు అత్తయ్య, తల వెనక్కి వాల్చి.